సెకండ్ హ్యాండ్ థార్ చాసిస్‌కి తుప్పు: రబ్బర్ కోటింగ్ కొట్టించాలా? మాడిఫికేషన్లుంటే ఇన్సూరెన్స్ వస్తుందా?

మీరు పోయిన వారం గుంటూరులో 2015 మోడల్ మహీంద్రా థార్ జీపు కొన్నామన్నారు. ఇనప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), పెద్ద టైర్లు పాత ఓనరే వేయించాడన్నారు. కింద తుప్పు కనిపిస్తోంది, వెంటనే రబ్బర్ కోటింగ్ కొట్టించేయనా, రేపు ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ఇస్తారా అని అడిగారు.

మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. నా థార్ 2014 మోడల్, 2018లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీరిప్పుడు చేద్దామనుకుంటున్నదే నేనప్పుడు చేశాను. అది ఎంతకి తెచ్చిందో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు తెలిసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తుప్పు కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. పాలసీ మీ పేరు మీదికి మారిందా? థర్డ్ పార్టీ కవర్, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానిది, బండితో పాటే మీకు వచ్చేస్తుంది. ఓన్ డ్యామేజ్, అంటే మీ సొంత బండి నష్టానిది, అలా రాదు, బండి చేతులు మారిన 14 రోజుల్లోపు కంపెనీకి అప్లికేషన్ పెట్టుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాల్సి వస్తుంది. ఆ డబ్బు చూసి చాలామంది రెన్యువల్‌కి మార్చుకుందాంలే అని ఊరుకుంటారు. దయచేసి అలా చేయకండి, మీకింకా వారం టైముంది.

ఇక నా సంగతి. బండి కొన్న నెలకే ముందు వైపు బంపర్, వించ్ బిగించడానికి చాసిస్‌కి, అంటే బండిని మోసే ఇనప ఫ్రేముకి, నాలుగు బెజ్జాలు వేయించాను. డ్రిల్ కొట్టిన అంచుకి ప్రైమర్ కూడా పూయలేదు, బోల్టులు బిగించి పంపించేశారు. రెండేళ్లకి అక్కడ ఎర్రగా కారడం మొదలైంది. కింద వాటర్ సర్వీసింగ్ చేయించి, అదే సాయంత్రం నల్ల రబ్బర్ కోటింగ్ కొట్టించాను. కొత్త బండిలా నిగనిగలాడింది, తడీ తుప్పూ మాత్రం ఆ కోటింగ్ కిందే ఉండిపోయాయి. నాలుగేళ్ల పాటు మళ్లీ కిందకి వంగి చూడలేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున లేచేసరికి వీధిలో నీళ్లు, మధ్యాహ్నానికి బండి డ్యాష్‌బోర్డు దాకా మునిగింది. నాలుగు రోజులు అలాగే ఉండిపోయింది. నీళ్లు తీశాక మా బావమరిది తాళం పెట్టి స్టార్ట్ చేద్దామన్నాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. నీళ్లు మూతి దాకా వచ్చిన ఇంజిన్‌ని క్రాంక్ చేస్తే, అంటే స్టార్ట్ చేయబోతే, సిలిండర్లో నీళ్లు గాలిలా అణగవు, పిస్టన్‌ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేని పాలసీలో అది వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చేసినందువల్ల వచ్చిన నష్టం అంటారు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే అందులో నీళ్లు కలిశాయి. ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, క్రేన్ మీద జవహర్ ఆటోనగర్‌కి పంపించాను. అక్కడ ఇంజెక్టర్లు విప్పి, చేత్తో క్రాంక్ తిప్పి నీళ్లు బయటికి తీశారు. గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ ఆయిళ్లన్నీ మార్చారు. ఇంజిన్ బతికింది.

నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చింది పదో రోజుకి. అన్ని రోజులెందుకని అప్పుడు విసుక్కున్నాను గానీ, ఆ నెలలో విజయవాడలో మునగని బండి ఏదుందని? ఆయన అట్టముక్క పరుచుకుని బండి కిందకి దూరాడు. బంపర్ బోల్టుల పక్కన స్క్రూడ్రైవర్ మొనతో నొక్కాడు. నల్ల కోటింగ్ కాలిన చర్మంలా పొరగా లేచి వచ్చింది. దాని వెనక ఇనుము బిస్కెట్టులా పొరలు పొరలుగా విడిపోయింది, మొన లోపలికి దిగిపోయింది. ‘ఇది నాలుగు రోజుల నీళ్లకి పట్టిన తుప్పు కాదండీ’ అన్నాడు. తర్వాత ఆర్‌సీ తిరగేసి, ‘ఈ బంపరు ఇందులో లేదు, పాలసీలోనూ లేదు’ అని రాసుకున్నాడు. నేను బెజ్జం వేయించిన చోటే తుప్పూ దొరికింది, మాడిఫికేషనూ దొరికింది.

సీట్లు, వైరింగ్, క్లీనింగ్, ఆయిళ్ల పనికి క్లెయిమ్ ఇచ్చారు. బంపర్‌కి, వించ్‌కి పైసా రాలేదు. చాసిస్ రిపేరు వాడకం వల్ల వచ్చిన అరుగుదల కింద తీసేశారు. అది అన్యాయమని నేననను, తుప్పు ఏ మోటార్ పాలసీలోనూ ఉండదు. పైగా నా బండి పదేళ్లు దాటింది కాబట్టి మార్చిన ఇనప భాగాల ధరలో 50 శాతం తరుగుదల కోశారు. మీది కూడా పదేళ్ల చుట్టూ ఉంది, మీకూ అంతే వస్తుందనుకోండి. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, టైర్లకి వయసుతో పని లేదు, ఎప్పుడైనా 50 శాతమే. అయిదేళ్లు దాటిన బండికి ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) మీరూ కంపెనీ మాట్లాడుకుని ఖాయం చేసుకునేది. ప్రీమియం తగ్గుతుందని దాన్ని మరీ కిందికి దించకండి.

అసలు ఆ బంపర్ ఉంచుకోవాలా? నా మాట వింటే తీసేయండి. బండి ముందు బిగించే ఇనప గార్డులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే చెప్పింది. తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడాగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అంది. జరిమానా ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉంది. గుద్దుకున్నప్పుడు ఆ ఇనుము దెబ్బని మింగదు, ఎదుటివాడి కాళ్ల మీదికో మీ చాసిస్ మీదికో పంపిస్తుంది. నాకు ఇదే పెద్ద కారణం. టైర్లు కూడా కంపెనీ సైజుకి మార్చేయండి. స్టీరియో, సీట్ల లాంటి చట్టానికి అడ్డురాని వాటికి బిల్లులు పెట్టి యాక్సెసరీస్ కవర్ తీసుకోవచ్చు, పాత టారిఫ్ లెక్కలో స్టీరియో లాంటి ఎలక్ట్రికల్ వాటికి విలువ మీద 4 శాతం. వీకెండ్‌లో పోటీలకి వెళ్లే ఆలోచనుంటే పాలసీలో వాడుక పరిమితులు అన్న పేరా చదవండి. రేసింగ్, రిలయబిలిటీ ట్రయల్ (బండి సత్తా పరీక్షించే పోటీ) లాంటి వాటికి కవర్ ఉండదు.

ఇప్పుడు తుప్పు. ముందు సుత్తి తీసుకుని చాసిస్ పొడవునా మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఠంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము డొల్లగా మోగుతుంది. ఆటోనగర్‌లో నా బండి చేసిన టింకరింగ్ సాయిబు గారు స్క్రూడ్రైవర్ కూడా వాడలేదు, కళ్లు మూసుకుని శబ్దం విని సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. డొల్లగా మోగిన చోట పుట్టీ, ఫైబర్ పెట్టనివ్వకండి. తిన్నంత మేర కోసి, మంచి ఇనుము దాకా వెళ్లి, అదే మందం రేకు వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీయించండి, లేకపోతే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పోవచ్చు. ఇంకో సంగతి చాలామంది మెకానిక్‌లు చెప్పరు. బయట వెల్డింగ్ పడితే ఆ వేడికి చాసిస్ గొట్టం లోపలి పూత కాలిపోతుంది, ఈసారి తుప్పు లోపల్నించి మొదలవుతుంది. అందుకే చివర్లో గొట్టం లోపల కేవిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా చల్లే మైనం) కొట్టించడం తప్పనిసరి.

గట్టిగా ఉన్న చోట వైర్ బ్రష్‌తో పొరలన్నీ రాల్చాలి. ఇనుము తెల్లగా మెరిసేదాకా వస్తే జింక్ ప్రైమర్ పట్టుకుంటుంది. గుంటల్లో ఎరుపు మిగిలితే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, నల్లబడి ఆరాక ఎపాక్సీ ప్రైమర్ వేయాలి, దాని మీద జింక్ ప్రైమర్ నిలవదు. బంపర్ తీసేసిన బెజ్జాల అంచులకి కూడా ఇదే పని. రబ్బర్ కోటింగ్ ఇవన్నీ అయ్యాక, అదీ మడ్‌గార్డుల లోపల రాళ్లు తగిలే చోట. చాసిస్ అడుగున నీళ్లు కారే బెజ్జాలు ఒక్కటి కూడా మూసుకోకుండా దగ్గరుండి చూసుకోండి. వాడిన ఇంజిన్ ఆయిల్, డీజిల్ కలిపి కొట్టే పద్ధతి మాత్రం వద్దు. చవకే గానీ సస్పెన్షన్ బుష్‌లు ఉబ్బి పోతాయి.

సూర్యలంక బీచ్ ఇసుకలో దిగి వచ్చారా, ఇంటికి రాగానే మంచినీళ్లతో కింద కడిగించండి, తెల్లారేదాకా ఆగొద్దు. లీఫ్ స్ప్రింగుల మధ్య, డీజిల్ ట్యాంకు వెనకా ఉప్పు నిలుస్తుంది. మన పొలాల నల్లరేగడి కూడా తక్కువది కాదు. ఎండిందనుకుంటాం, లోపల తడి పట్టుకునే ఉంటుంది.

ఈ పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. కడిగిన చాసిస్ రెండు రోజులు ఎండలో ఆరాలి, లోపలి గొట్టం ఆరడానికి మన ఎండని మించింది లేదు. మొదలుపెట్టే ముందు కింద తేదీ పడేలా ఫొటోలు తీయండి, పని పూర్తయ్యాక మళ్లీ తీసి బిల్లులతో కలిపి పెట్టుకోండి. సర్వేయర్ అడిగితే చూపించడానికి నా దగ్గర ఆ రోజు ఒక్కటీ లేకపోయింది. కేవిటీ వ్యాక్స్‌ని పొడుగు పైపుతో చాసిస్ రెండు వైపుల నుంచీ కొట్టించండి. తర్వాత రెండు మూడు రోజులు కింది బెజ్జాల్లోంచి చుక్కలు కారుతుంటాయి. అది కారాలి కూడా. బండి కింద పాత గోనెసంచి పరిచి ఉంచండి.