ఒకే సీసా మందు.. ఇద్దరు పిల్లలకూ వాడొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కొత్తపేట. పాపకు ఐదున్నరేళ్లు, యూకేజీ చదువుతోంది, బరువు 17 కిలోలు. బాబుకు రెండేళ్లు నిండి రెండు నెలలైంది, 11 కిలోలున్నాడు. శివరాత్రి దాటినప్పటి నుంచి మా ఇంట్లో జలుబు వదలడం లేదు. ఒకరికి తగ్గిందనుకునేలోపు ఇంకొకరికి మొదలవుతోంది. పాప పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ముతుంది, కళ్లు నలుపుకుంటుంది, జ్వరం మాత్రం లేదు. బాబుకు ముక్కు కారుతోంది, దగ్గు ఉంది. మొన్న రెండు రోజులు 101 దాకా జ్వరం వచ్చి తగ్గింది. అన్నం సరిగా తినడం లేదు. పాపకు డిసెంబర్‌లో డాక్టర్ రాసిన దగ్గు సిరప్ మిగిలి ఉంటే అదే ఇద్దరికీ వాడుతున్నాను. పాపకు ఒక స్పూను, బాబుకు అర స్పూను. జ్వరం మందు కూడా అదే లెక్క. ఒంటిపూట బడులు కావడంతో పాప మధ్యాహ్నం ఎండలో ఇంటికొస్తోంది. ఉక్కగా ఉంటోందని పోయిన నెలాఖరులో కూలర్ కూడా దించాం. కుండ నీళ్లు, పెరుగు, ద్రాక్షపళ్లు మాన్పించమని మా అత్తయ్య అంటున్నారు. యాంటీబయాటిక్ పడితేనే తగ్గుతుందని మావారి వాదన. ఇద్దరికీ ఇమ్యూనిటీ తక్కువేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ దగ్గు సిరప్ బాబుకు ఆపేయండి. ఈ రాత్రి నుంచే.

మీరు సగం చేసి ఇస్తున్నారు కాబట్టి ఫర్వాలేదనుకున్నారు. ఓపీలో రోజూ వినే లెక్కే ఇది. అయితే కొన్ని మందులు మోతాదు తగ్గిస్తే చిన్నపిల్లలకు సరిపోతాయి, కొన్ని ఎంత తగ్గించినా ఆ వయసుకు పనికిరావు. దగ్గు, జలుబు సిరప్‌లు రెండో రకం. 2025 సెప్టెంబర్, అక్టోబర్‌లలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసింది, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలకూ ఒక సూచన పంపింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్లలోపు వాళ్లకు కూడా మామూలుగా వీటిని సిఫార్సు చేయరు. మీ బాబు ఈ రెండో గీతకు ఇవతలే ఉన్నాడు.

కల్తీ సంగతి పక్కన పెట్టినా, మంచి కంపెనీ మందైనా నా మాట ఇదే. ఈ సిరప్‌ల వల్ల చిన్నపిల్లల దగ్గు త్వరగా తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదు. మత్తు మాత్రం వస్తుంది. పిల్లాడు నిద్రపోయాడు కదా అని మనం మందు పనిచేసిందనుకుంటాం. మీ సీసాను వెలుతురులోకి తెచ్చి, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ అని రెండు పేర్లూ కలిపి ఉంటే, నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని హెచ్చరిక ముద్రించాలని మందుల నియంత్రణ అధికారులు 2023లోనే కంపెనీలను ఆదేశించారు. పైగా మీది డిసెంబర్‌లో మూత తీసిన సీసా. పాపకు కూడా వద్దు, పారేయండి.

ఇక జ్వరం మందు. పారాసిటమాల్ విషయంలో మీ సగం లెక్క ఈసారికి సరిపోయి ఉండొచ్చు, కానీ అది అదృష్టం. ఎందుకంటే ఈ మందు షాపులో ఒకే గాఢతలో దొరకదు. ఒక సీసాలో 5 ఎంఎల్‌కు 120 మిల్లీగ్రాములు ఉంటుంది, పక్కనే ఉన్న ఇంకో సీసాలో 250 ఉంటుంది. పసిపిల్లల డ్రాప్స్ అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. పేరు అదే, రంగు కూడా దాదాపు అదే.

పిల్లలకు ఈ మందు వయసును బట్టి కాకుండా బరువును బట్టి ఇవ్వాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున 11 కిలోల మీ బాబుకు ఒక మోతాదు 110 నుంచి 165 మిల్లీగ్రాములు. మీ ఇంట్లో ఉన్నది 250 సీసా అయితే అర స్పూను, అంటే రెండున్నర ఎంఎల్‌లో 125 వస్తుంది, సరిపోతుంది. అదే రేపు అయిపోయి మీవారు 120 సీసా తెచ్చారనుకోండి. అదే అర స్పూనులో 60 మాత్రమే వెళ్తుంది, జ్వరం దిగదు. ఈ మందు పనిచేయడం లేదని మీరు గంటకోసారి పోస్తారు, లేదా ఇంకేదో మందు మొదలుపెడతారు. ఇక డ్రాప్స్ సీసా తెచ్చి అందులోంచి ఒక స్పూను పోస్తే 500 మిల్లీగ్రాములు. బాబు ఒక్కసారికి తీసుకోవాల్సినదానికి మూడు రెట్లు పైమాటే. లివర్‌తో చెలగాటం అది.

స్పూను అన్నారు కదా, ఏ స్పూను? మా దగ్గరికి వచ్చే ఒకావిడ ఇంట్లో వాడే స్పూను తెస్తే దానితో నీళ్లు పోసి కొలిచి చూపించాను. 5 ఎంఎల్ గీత దాటి 7 దగ్గర ఆగింది. అది పోపుల డబ్బాలో ఉండే స్పూనే, ఏళ్లుగా పిల్లలందరికీ దానితోనే మందు. సీసాతో వచ్చే గీతల మూత వాడండి. అంతకన్నా మెడికల్ షాపులో సూది లేని సిరంజి అడగండి, ఐదు రూపాయలో పది రూపాయలో ఉంటుంది. బాబు బుగ్గ లోపలి వైపు పెట్టి మెల్లగా నొక్కితే ఉమ్మేయడు కూడా. రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటలు, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. ఒళ్లు వెచ్చగా ఉన్నా పిల్లాడు ఆడుకుంటుంటే ఆ మోతాదు కూడా అక్కర్లేదు. ఇబ్బంది పడుతుంటే ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇద్దరికీ ఒకటే జబ్బు అనుకుని మీరు ఒకటే మందు పోస్తున్నారు. నాకు మాత్రం ఇద్దరిదీ ఒకే జలుబులా అనిపించడం లేదు.

బాబుది మామూలు వైరల్ జలుబు. రెండు రోజులు జ్వరం, ముక్కు కారడం, దగ్గు, తిండి మీద అయిష్టం, అన్నీ దానికే సరిపోతున్నాయి. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం సహజం. అక్క బడికి వెళ్లొచ్చే ఇంట్లో అంతకన్నా ఎక్కువే రావచ్చు. ఒక్కోసారి దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది కాబట్టి, మొదటిది పోకముందే రెండోది వస్తే నెలంతా ఒకటే జలుబులా కనిపిస్తుంది. ఇమ్యూనిటీ తక్కువై కాదు, బూస్టర్లూ టానిక్కులూ అక్కర్లేదు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, కాబట్టి మీవారి వాదన నిలవదు. ఫ్రిజ్‌లో పాత యాంటీబయాటిక్ సిరప్ ఏదైనా మిగిలి ఉందేమో కూడా చూడండి. నీళ్లు కలిపిన ఆ పొడి మందులు చాలావరకు వారానికే చెల్లిపోతాయి.

ముక్కు మూసుకుపోయి బాబు నిద్రపోలేకపోతే పడుకునే ముందు ఉప్పునీటి ముక్కు చుక్కలు వేయండి. సెలైన్ నాసల్ డ్రాప్స్ అంటే ఇస్తారు. రాత్రి దగ్గుకు పడుకోబెట్టేముందు అర టీస్పూను తేనె నాకించండి. ఏడాది నిండిన పిల్లలకే సుమా, నిండకుండా తేనె ఇవ్వకూడదు. వేడినీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టొద్దు, ఈ వయసులో కాళ్ల మీద ఒలికి కాలిన పిల్లల్ని చూశాను. బామ్ ముక్కు రంధ్రాల దగ్గర రాయొద్దు.

పాప సంగతి వేరు. జ్వరం లేదు, పొద్దున లేవగానే తుమ్ములు, కళ్ల దురద. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంటోందా? అలా చేసే పిల్లలకు ముక్కు మీద అడ్డంగా ఒక సన్నని గీత పడుతుంది, వెలుతురులో చూడండి. ఇవన్నీ ఎలర్జీ లక్షణాలు. మీరు కూలర్ సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నా అనుమానం మాత్రం దాని మీదే. పోయిన వేసవిలో తడిసిన గడ్డితోనే సజ్జ మీద పెట్టేసి, మళ్లీ దించి అలాగే నీళ్లు పోసి ఆన్ చేశారా? చాలా ఇళ్లలో జరిగేది అదే. ఆ గడ్డిలో ఏడాది దుమ్ము ఉంటుంది, బూజు ఉంటుంది, మొదటి గాలితో అదంతా మంచం మీదికే వస్తుంది. పక్కన పడుకున్న పాప తెల్లారేసరికి తుమ్ముతుంది. గడ్డి తీసి కొత్తది వేయండి, తొట్టి రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టండి, తర్వాత కూడా నీళ్లు రోజూ మార్చండి. కూలర్ గాలి నేరుగా మంచం మీదికి కొట్టకుండా పక్కకు తిప్పండి. ఏసీ ఉన్నవాళ్లయితే ఫిల్టర్లు కడగాలి. దీనికి తోడు ఈ రోజుల్లో నగరంలో వేప, కానుగ పూతకొస్తాయి, ఇళ్ల కట్టుబడి దుమ్ము ఉండనే ఉంది. బాల్కనీలో పావురాల రెట్టలుంటే తడిపి కడగండి, ఊడిస్తే లేస్తుంది. చిన్నవాడికి తలంటు పోశాక మీ ఇంట్లో సాంబ్రాణి పొగ వేస్తారా? కొన్నాళ్లు ఆపమని అత్తగారిని బతిమాలండి. దోమల కాయిల్‌కు బదులు తెర కట్టండి.

కుండ నీళ్ల మీద, పెరుగు మీద నాకు అభ్యంతరం లేదు. చల్లటి నీళ్లు తాగితే జలుబు రాదు, జలుబున్న మనిషి పక్కన ఉంటే వస్తుంది. ఎండలో వచ్చిన పిల్లకు కుండ నీళ్లు, మజ్జిగ పోయండి. అత్తగారు ద్రాక్ష వద్దనడంలో మాత్రం, ఆవిడ చెప్పిన కారణం వేరైనా, బాబు విషయంలో ఒక నిజం ఉంది. గుండ్రటి ద్రాక్షపండు రెండేళ్ల పిల్లాడి గొంతులో సరిగ్గా అడ్డం పడే సైజు. నిలువునా నాలుగు ముక్కలు కోసి ఇవ్వండి. వేరుశనగ గింజలు కూడా ఇవ్వొద్దు. ఉగాది పచ్చడి నాకించొచ్చు, కొబ్బరి, మామిడి ముక్కలు తీసేసి.

అపార్ట్‌మెంట్లో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే ఇంకో సీసా గురించి జాగ్రత్త. ఇబుప్రోఫెన్ కలిసిన జ్వరం మందు ఆ సమయంలో వద్దు, ఒట్టి పారాసిటమాల్ చాలు. ఆటలమ్మ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు, మీ పిల్లలకు వేయించారో లేదో కార్డు తీసి చూసుకోండి.

బాబు దగ్గు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేసి, నిద్రలో ఉన్నప్పుడు వాడి ఊపిరి లెక్కపెట్టండి. చొక్కా పైకి లేపి ఒక నిమిషం పూర్తిగా, ఫోన్లో టైమర్ పెట్టుకుని చూడండి. నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంటలు పడుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎనిమిది గంటలైనా మూత్రం పోయకపోతే, పాలూ నీళ్లూ తాగకపోతే, పిలిస్తే పలకకుండా మగతగా ఉంటే, ఫిట్స్ వస్తే కూడా అంతే. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. జ్వరం తిరగబెట్టి మూడు రోజులు దాటినా చూపించాలి. ఇవేవీ లేకుండా కేవలం అన్నం తినకపోతే కంగారొద్దు, జలుబు తగ్గిన వారానికి ఆకలి మళ్లీ వస్తుంది. బలవంతంగా కుక్కకండి.

ఒంటిపూట బడుల్లో పాప నిద్ర కూడా తారుమారవుతుంది. మధ్యాహ్నం నాలుగింటి దాకా పడుకుని రాత్రి పదకొండుకు ఆడుకుంటూ ఉంటుంది, పొద్దున్నే లేపితే ఏడుస్తుంది. మధ్యాహ్నం గంటకు మించి పడుకోనివ్వకండి.

కూలర్ గడ్డి ఈ ఆదివారమే మార్చండి. పది రోజులైనా పాప తుమ్ములు తగ్గకపోతే, లేదా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు మొదలైతే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఎలర్జీకి సిరప్ రాయాలా, ముక్కులో కొట్టే స్ప్రే కావాలా అన్నది పరీక్షించాకే తేలుతుంది. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ, సగం అయిపోయినవి కూడా, ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్లండి.