ప్రజాధనంతో వేసిన నెట్‌వర్క్‌ను అప్పగించే ముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ప్రభుత్వ సొమ్ముతో వేసిన కంప్యూటర్ నెట్‌వర్క్‌ను ప్రైవేటు నిర్వహణకు అప్పగించే ముసాయిదా నీ బల్ల మీదికి వచ్చిందని, ముందుగా ఏది చూడాలో చెప్పమని రాశావు. ఎవరికివ్వాలన్నది తర్వాతి మాట. ఏ షరతుల మీద ఇస్తామన్నది నలుగురిలో తేల్చాకే ఆ మాట ఎత్తాలి.

అమెరికాలో శాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్, విశ్వవిద్యాలయాలను, పరిశోధన కేంద్రాలను కలిపే తన కంప్యూటర్ నెట్‌వర్క్ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ ప్రధాన మార్గం నిర్వహణను 1987లో మెరిట్ అనే సంస్థకు అప్పగించింది. కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం, టెలిఫోన్ కంపెనీ ఎంసీఐ అందులో భాగస్వాములు. 1990లో ఆ ముగ్గురూ కలిసి ఏఎన్‌ఎస్ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టగా, మరుసటి ఏడాది దానికి వ్యాపార అనుబంధ సంస్థ ఏర్పడింది. పరిశోధనకు, విద్యకు పరిమితం కావలసిన ఆ మార్గం మీద వాణిజ్య సమాచారాన్ని పంపే వీలు ఆ సంస్థకు దక్కడంతో పోటీదారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 1992 మార్చిలో ప్రతినిధుల సభ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. ప్రైవేటువారు రావడం తప్పని నేననను. ఒకరికి దొరికిన వెసులుబాటు సంగతి మిగిలినవారికి ఆలస్యంగా తెలియడమే అక్కడి అన్యాయం.

ఆ తర్వాత ఫౌండేషన్ పద్ధతి మార్చుకుంది. కొత్త ఏర్పాటు ముసాయిదాను 1992లో బయటపెట్టి, అభిప్రాయాలు తీసుకుని, 1993లో ప్రతిపాదనలు పిలిచింది. పాత మార్గాన్ని 1995 ఏప్రిల్ 30న మూసివేసేనాటికి, వేర్వేరు కంపెనీల నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి కలిసే కేంద్రాలు నాలుగు ఏర్పడ్డాయి.

ఇక నీ టెండరు పత్రం. అర్హత షరతుల దగ్గర ఆగి, టర్నోవరు నిబంధనను రెండుసార్లు చదువు. పనికి అవసరమైనదానికంటే ఆ అంకె ఎక్కువగా ఉంటే, కూకట్‌పల్లిలోనో మలక్‌పేటలోనో స్తంభాల మీదుగా తీగలు లాగి ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తున్న చిన్న ఆపరేటర్లు ఆ ఒక్క గడి దగ్గరే ఆగిపోతారు. టెండర్లు వేసేముందు కంపెనీల సందేహాలు తీర్చే ప్రీ-బిడ్ సమావేశానికి రెండు రోజుల ముందు నోటీసు ఇచ్చి సంప్రదించామనిపించుకోవద్దు. ముసాయిదాను తెలుగులోనూ ఉర్దూలోనూ పెట్టించు, కనీసం నెల గడువివ్వు, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కారణంతో సహా రాతపూర్వకంగా జవాబివ్వు. ఇప్పుడు నెట్‌వర్క్‌ను నడుపుతున్న సంస్థ కూడా పోటీలో ఉంటే, దాని దగ్గరున్న సాంకేతిక వివరాలన్నీ మిగతావారికీ అందాలి.

కళాశాలల సంగతి మరవకు. అమెరికాలో కళాశాలలను ప్రధాన మార్గంతో కలిపే ప్రాంతీయ నెట్‌వర్క్‌లకు ఇచ్చే సాయాన్ని ఒక్కసారిగా ఆపేయకుండా నాలుగేళ్లలో క్రమంగా తగ్గించారు. నీ ముసాయిదాలో అలాంటి నిబంధన ఉందో లేదో నాకు రాయి.

నీ పెదనాన్న
హైదరాబాద్