ఊరుకోవడం, మౌనం ఒకటేనా?

సందేహం: మా ధ్యాన బృందంలో ఒకావిడ ఈమధ్యే భర్తను పోగొట్టుకున్నారు. మొన్న ధ్యానంలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. పెద్దాయన ఒకరు ‘ఊరుకోమ్మా, మౌనం పాటించు, సాధకులు శోకించకూడదు’ అన్నారు. ఊరుకోవడం, మౌనం ఒకటేనా? మౌనంలో ఏడుపుకి చోటు లేదా?

సమాధానం: ఒకటి కాదండీ. ‘ఊరుకో’ మనం రోజూ వాడే మాటే కానీ దానికి చాలా అర్థాలున్నాయి. నోరు మెదపకపోవడం ఊరుకోవడమే, ‘చూస్తూ ఊరుకోను’ అన్నప్పుడు ఏమీ చేయకపోవడం, పసిపిల్ల ఊరుకుంది అంటే ఏడుపు ఆపింది అని. అన్నిట్లోనూ బయటికి కనిపించేది, వినిపించేది ఆగితే చాలు, లోపల ఏమవుతోందో ఆ మాటకి పట్టదు.

మౌనం అలాంటిది కాదు. అది ‘ముని’ నుంచి వచ్చింది, ముని భావం మౌనం. గీత 17వ అధ్యాయంలో తపస్సును శరీరానికి, వాక్కుకి, మనసుకి అని మూడుగా విడదీసి చెబుతారు. మౌనం వాక్కు కిందే వస్తుందని ఎవరైనా అనుకుంటారు, కానీ వాక్కు గురించిన 15వ శ్లోకంలో అది లేనే లేదు. అక్కడ ఉన్నది నొప్పించని మాట, సత్యం, ప్రియం, హితం, స్వాధ్యాయం. మౌనం 16వ శ్లోకంలో, మనసు చేసే తపస్సులో ఉంది. కాబట్టి వెక్కిళ్లు వినిపించినంత మాత్రాన ఆవిడకి మౌనం తప్పిందనలేం.

ఇక ‘సాధకులు శోకించకూడదు’ అన్న మాట. ‘పండితులు శోకించరు’ అని గీతలో ఉన్నమాట నిజమే, కానీ అది 2వ అధ్యాయం 11వ శ్లోకం. అంతకుముందు మొదటి అధ్యాయంలో అర్జునుడు వణుకుతూ, గాండీవం చేజారుతోందంటూ తన బాధంతా చెప్పుకున్నాడు, ఆ అధ్యాయం పేరే అర్జున విషాద యోగం, అక్కడ కృష్ణుడు మధ్యలో అడ్డు తగల్లేదు. రెండో అధ్యాయం మొదట్లో మందలించాడు, నిజమే, అయినా అర్జునుడు తన శోకం ఎలా పోతుందో తెలియడం లేదని మళ్లీ చెప్పుకుని చివరికి ‘తూష్ణీం బభూవ’, మాట్లాడకుండా ఉండిపోయాడు. బోధ మొదలైంది ఆ తర్వాతే. ‘మా శుచః’, శోకించకు అన్న మాటయితే 18వ అధ్యాయం చివర్లో వస్తుంది. ఆ మొదటి అధ్యాయమంతా పక్కన పెట్టేసి, కొత్తగా దుఃఖంలో ఉన్న మనిషికి చివరి మాట ముందే చెప్పడం నాకు సబబుగా అనిపించదు.

పెద్దాయన ప్రేమతోనే అని ఉంటారు, ‘ఊరుకోమ్మా’ అనకుండా మనలో ఎవరుంటారు! కానీ ఊరుకోబెట్టడం వేరు, ఓదార్చడం వేరు. ‘ఓదార్చాక కూడా చాలాసేపు ఏడ్చింది’ అంటే వాక్యం చక్కగా ఉంటుంది. ‘ఊరుకోబెట్టాక కూడా చాలాసేపు ఏడ్చింది’ అంటే అతకదు, ఏడుస్తూనే ఉంటే ఊరుకోబెట్టినట్టే కాదు కదా. ఓదార్పుకి ఏడుపు ఆగాలన్న షరతు లేదు, పక్కన కూర్చుంటే అదీ ఓదార్పే.

మీరు అడగకపోయినా ఒకమాట: మౌనం పాటించడం, మౌనం వహించడం రెండూ సరైన ప్రయోగాలే. ఈసారి ఆవిడకి కన్నీళ్లొస్తే ఆ మౌనమేదో చుట్టూ ఉన్నవాళ్లు పాటించవచ్చు.