అరకులో చిన్న లాడ్జి పెద్ద రిసార్టులతో పోటీ పడగలదా?

పడగలదండీ, కాకపోతే రేటు తగ్గించి కాదు. టూరిస్టులు ఆంధ్రా ఊటీ అని విని, వైజాగ్ నుంచి విస్టాడోమ్ అద్దాల బోగీలో సొరంగాలు, లోయలు చూసుకుంటూ ఏవేవో ఊహించుకుని దిగుతారు, ఆ ఊహకి మీ రూమ్ ఎంత దగ్గరగా ఉందన్నదే వాళ్ల లెక్కలో క్వాలిటీ. డిసెంబర్ చలిలో పొద్దున్నే ఆరింటికి వేడినీళ్లు రాకపోతే వ్యూ ఎంత బాగున్నా రివ్యూలో ఒక్క స్టారే పడుద్ది. నేను మొన్న దిగినచోట గీజర్ కూడా లేదు, కానీ అడక్కముందే కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు బకెట్‌తో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు, తర్వాత స్టీలు గ్లాసులో అరకు కాఫీ, ఇప్పటికి ముగ్గురిని అక్కడికే పంపా. ఫొటోల్లో మాత్రం ఉన్నదే పెట్టండి ప్లీజ్, లేని బాల్కనీ చూపిస్తే వచ్చినోళ్లు రిసెప్షన్‌లోనే గొడవ పెట్టుకుంటారు.