విశ్వాసంతో ప్రార్థిస్తే దేవుడు తప్పక విడిపిస్తాడా?

తప్పక విడిపిస్తాడంటారు కదా, మీ జీవితంలో అలా జరిగిందా అని మీరు అడిగారు. జరిగింది, అయితే మేము అడిగిన తీరున జరగలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలానికి చెందిన ఒక తీర గ్రామం. 2018 అక్టోబరు 10వ తేదీ రాత్రి తిత్లీ తుపాను మా వైపే వస్తున్నదని తెలిసి, పెంకుటిళ్లలోనూ పాకలలోనూ ఉండేవాళ్లమంతా స్లాబు వేసిన మా చర్చిలో తలదాచుకున్నాము. కిటికీ రెక్కలు ఊడిపోకుండా బెంచీలు అడ్డుపెట్టి, చాపల మీద పిల్లలను మధ్యలో కూర్చోబెట్టుకొని, మా ఇళ్లను, తోటలను కాపాడమని గొంతులు పోయేదాకా ప్రార్థించాము. తెల్లవారుజామున గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. దేవుడు మన మొర ఆలకించాడని స్తోత్రం చెబుతూ కొందరు తలుపు గడియ తీయబోతుండగా, జీవితమంతా సముద్రంలో చేపల వేటకు వెళ్లిన ఒక పెద్దాయన లేచి అడ్డంగా నిలబడి, "ఎల్లకండర్రా, ఇంకా అవ్వలేదు, గాలి తిరగబడతాది" అన్నారు. తుపాను కన్ను, అంటే గాలి నిలిచిపోయే దాని నడిమి భాగం, మా మీదుగా దాటుతున్నదని అప్పటికి మాకు తెలియదు. కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. ఆయన ఆపకపోతే ఆ గడియ తీసినవాళ్లు ఏమయ్యేవారో ఊహించడానికి కూడా నాకు ఇప్పటికీ భయమే.

ఉదయం చూస్తే చర్చిలో ఉన్న ప్రాణాలన్నీ దక్కాయి, మా తోట మాత్రం దక్కలేదు. తాత నాటిన కొబ్బరి చెట్లు వేళ్లతో సహా ఒరిగి, జీడి చెట్లు కొమ్మలు విరిగి పడి ఉన్నాయి. నాన్న ఏమీ మాట్లాడకుండా పడిపోయిన ఒక చెట్టు తల నరికి, లోపలి లేత మొవ్వ తీసి పిల్లల చేతుల్లో పెట్టారు. చెట్టు బతికుండగా ఎవరూ తీయని ఆ తియ్యటి మొవ్వను నేను నమలలేకపోయాను.

ఆ తరువాత మా ప్రాంతానికి వచ్చిన ఒక ప్రసంగీకుడు, విశ్వాసం చాలనందువల్లనే తోటలు పోయాయని చెప్పడం నాకు నేటికీ బాధగా ఉంది. మూత్రపిండాల వ్యాధితో ఎన్నో కుటుంబాలు నలిగిపోతున్న మా ఉద్దానంలో, మందులు మానేసి నమ్ముకోండని చెప్పేవారు మరీ అన్యాయం చేస్తున్నారు. బైబిలులోని అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయాన్ని వారు ఎలా చదువుతారు? అక్కడ యేసు శిష్యుడైన యాకోబు కత్తికి బలి కాగా, అదే అధ్యాయంలో మరో శిష్యుడైన పేతురును దూత చెరసాలలో నుంచి బయటకు నడిపించాడు. యాకోబుకు విశ్వాసం తక్కువని అక్కడ ఎక్కడా వ్రాసి లేదు. దానియేలు గ్రంథంలో, రాజు నిలబెట్టిన ప్రతిమకు మ్రొక్కనందుకు అగ్నిగుండంలో వేయబోయిన ముగ్గురు యువకులు కూడా, మా దేవుడు మమ్మును రక్షించగల సమర్థుడని రాజుతో చెబుతూనే, ఒకవేళ ఆయన రక్షించకపోయినా నీ ప్రతిమకు మేము మ్రొక్కబోమని అగ్నిగుండం ఎదుటే తేల్చి చెప్పారు. ఆ "రక్షించకపోయినా" అన్న మాట లేని ప్రార్థన దేవునితో బేరమే తప్ప విశ్వాసం కాదని నా గట్టి నమ్మకం.

మరుసటి సంవత్సరం తొలకరికి నాన్న అదే నేలలో కొబ్బరి మొక్కలు నాటారు. ప్రతి గోతి దగ్గరా ఒక్క క్షణం కళ్లు మూసుకొని నిలబడి, ఆ తరువాతే మన్ను కప్పారు.