బీఎస్సీ ఫిజిక్స్‌లో లెక్కలు: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్ ఎంపీసీలో నాలుగు లెక్కల పేపర్లలోనూ 75కి 75 తెచ్చుకుంది. ఇప్పుడు బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ‘ఫిజిక్స్‌లో వచ్చే లెక్కలు అర్థం కావట్లేదు నాన్నా’ అని ఏడుస్తోంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాయాలని కోరిక. ఏ పుస్తకాలు కొనివ్వాలి? కోచింగ్‌లో చేర్పించమంటారా, ఫిజిక్స్ మాన్పించి ఎంసీఏ వైపు పంపమంటారా?

జవాబు: అయ్యా, నమస్కారం. ముందు మీరు ధైర్యంగా ఉండండి, అమ్మాయికీ ధైర్యం చెప్పండి. 75కి 75 తెచ్చుకున్న పిల్ల ఏడాదిన్నరలో లెక్కలు మరిచిపోదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. అవి ఎక్కువగా మంచి మార్కులు వచ్చిన పిల్లల గురించే.

ఇంటర్‌లో సమాకలనం (ఇంటిగ్రేషన్) అంటే ఏ మోడల్‌కి ఏ ప్రతిక్షేపణ వాడాలన్నదే. సమాకలని, అంటే సాధించాల్సిన ఇంటిగ్రల్, ఎప్పుడూ తయారుగా కాగితం మీదే ఉంటుంది. బీఎస్సీలో విద్యుత్తు పాఠం మొదలవగానే లెక్చరర్ బోర్డు మీద ఒక తీగ గీసి, ‘ఈ చిన్న ముక్క మీద ఉన్న విద్యుదావేశం (చార్జి) డీక్యూ అనుకుందాం’ అంటారు. ఆ ముక్కను ఎలా కోయాలి, దూరం ఎక్కణ్ణుంచి కొలవాలి, హద్దులు ఎక్కడ పెట్టాలి అన్నవి ఆ పిల్లను ఇంతకుముందు ఎవరూ అడగలేదు. సమాకలని చేతికిస్తే రెండు నిమిషాల్లో చేసేస్తుంది. దాన్ని తయారుచేసుకోవడమే రావట్లేదు. నా అంచనా ఇది. అడిగి చూడండి, బహుశా అవునంటుంది.

అందుకని పుస్తకాల కంటే ముందు ఒక చిన్న పని చెప్తాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసేయమనండి. కింద, గోడ నిటారుగా ఉండే చోట, కాల్చిన మేకుతో పెన్సిల్ మందం కంటే సన్నగా ఒక బెజ్జం పెట్టాలి. బెజ్జం నుంచి పైకి స్కేలుతో కొలిచి 1, 4, 9, 16 సెంటీమీటర్ల దగ్గర స్కెచ్ పెన్నుతో గీతలు గీయాలి. సీసా పొట్టిగా ఉంటే 9తో ఆపేయొచ్చు. బెజ్జాన్ని వేలితో మూసి నీళ్లు నింపి, వేలు తీసేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఏ గీతకు ఎప్పుడు వచ్చాయో రాసుకోమనండి.

16 నుంచి 9కి రావడానికి ఎంత సేపు పడుతుందో, 9 నుంచి 4కి, 4 నుంచి 1కి కూడా దాదాపు అంతే సేపు పడుతుంది. మొదట 7 సెంటీమీటర్లు, తర్వాత 5, ఆ తర్వాత 3, అన్నీ ఒకే సమయంలో. ఎందుకు? బెజ్జం నుంచి నీళ్లు దూకే వేగం పైనున్న ఎత్తు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. టారిచెల్లీ 1640ల్లోనే చెప్పిన సంగతి ఇది. కాబట్టి నీటిమట్టం దిగే రేటు కూడా ఎత్తు వర్గమూలానికే అనుపాతం. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుల్లో రాస్తే అవకలన సమీకరణం (డిఫరెన్షియల్ ఈక్వేషన్) అవుతుంది. సాధించడానికి చరరాశులను వేరుచేస్తే చాలు. ఇంటర్ రెండో ఏడాది లెక్కల పుస్తకం టూ బీలో ఆమె చేసిన లెక్కే. చేస్తే తేలేది, సమానంగా తగ్గేది ఎత్తు కాదు, ఎత్తు వర్గమూలం అని. 16, 9, 4, 1ల వర్గమూలాలు 4, 3, 2, 1. గీతలు అక్కడే ఎందుకు గీయమన్నానో అప్పుడు ఆమెకే తెలుస్తుంది. ఆఖరి సెంటీమీటరు మాత్రం నీళ్లు బొట్లు బొట్లుగా పడి లెక్క తప్పుతుంది. అదెందుకో కూడా ఆలోచించమనండి, అక్కడ ఇంకో పాఠం ఉంది.

నేను చెప్పే పుస్తకాలన్నీ ఈ పనిని నేర్పేవే. ఎక్కువేం లేవు.

మొదటిది ఇంట్లోనే ఉంది. ఇంటర్ లెక్కల వన్ ఏ, వన్ బీ, టూ ఏ, టూ బీ పుస్తకాలు అమ్మేయకపోతే బయటికి తీయండి. తెలుగు అకాడమీ తెలుగు మీడియం పుస్తకాలు దొరికితే అవి కూడా పక్కన పెట్టుకోవాలి. అదే అధ్యాయాన్ని రెండు భాషల్లో చదివితే ఇంగ్లిష్ పదాల భయం వారం పది రోజుల్లో సగం తగ్గుతుంది. పదో తరగతి దాకా తెలుగులో చదవడం ఆమెకు లోటు కాదు. ఈ ఉపాయం పనికొచ్చేది ఆమెలాంటి వాళ్లకే.

రెండోది సిల్వానస్ థాంప్సన్ 1910లో రాసిన ‘కాల్కులస్ మేడ్ ఈజీ’. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. డీఎక్స్ అంటే ఎక్స్‌లో చిన్న ముక్క, సమాకలనం గుర్తు అంటే ఆ ముక్కలన్నింటినీ కూడడం అని మొదటి అధ్యాయంలోనే చెప్పేస్తాడు. ఆమెకు తప్పిపోయిన లింకు సరిగ్గా అదే. నెలరోజులు చాలు. దీంతోపాటు హెచ్.సి. వర్మ ‘కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్’ మొదటి భాగంలో రెండో అధ్యాయం చూడమనండి. అదంతా ఫిజిక్స్‌కి కావలసిన లెక్కల గురించే. లైబ్రరీలో ఉంటుంది, కొననక్కర్లేదు.

డబ్బు పెట్టి కొనాల్సింది మూడోది. మేరీ బోస్ రాసిన ‘మ్యాథమెటికల్ మెథడ్స్ ఇన్ ది ఫిజికల్ సైన్సెస్’. మొదట 1966లో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది మూడో కూర్పు (ఎడిషన్). అనంత శ్రేణులతో మొదలై సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, పాక్షిక అవకలనాలు, బహుళ సమాకలనులు, సదిశా కలనం, ఫోరియర్ శ్రేణులు, అవకలన సమీకరణాలు అని ఎనిమిది అధ్యాయాలు వరసగా వస్తాయి. జామ్ ఫిజిక్స్ సిలబస్‌లో గణిత పద్ధతుల భాగం దాదాపుగా ఈ ఎనిమిదింటిలోనే ఉంది. మిగతా పుస్తకం ఎమ్మెస్సీలో పనికొస్తుంది. రోజుకు గంటన్నర కూర్చుంటే ఎనిమిది అధ్యాయాలకు ఏడాది పడుతుంది. చదవడం అరగంట, లెక్కలు గంట. జవాబు వెనక పేజీలో చూసుకునే ముందు, అది సరైనదో కాదో తనే తేల్చుకోవాలి. ప్రమాణాలు (యూనిట్లు) సరిపోయాయా? ఎత్తు సున్నా అయితే ఏమవుతుంది? ఈ అలవాటు కోసం అమ్మాయితో కాస్త గట్టిగా చెప్పినా తప్పులేదు.

ఇదే విషయం మీద ఇంకా కష్టంగా ఉండే ఆర్ఫ్‌కెన్ పుస్తకం కొనమని సీనియర్లు చెప్తారు. మంచి పుస్తకమే గానీ ఇప్పుడే వద్దు. దానితో మొదలుపెట్టి, తమకు లెక్కలే రావనుకుని ఫిజిక్స్ వదిలేసిన పిల్లలను చూశాను. చాలా బాధనిపిస్తుంది. మాత్రికల దగ్గర చిక్కుపడితే గిల్బర్ట్ స్ట్రాంగ్ వీడియో పాఠాలు ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉచితంగా ఉన్నాయి. మన ఐఐటీ ప్రొఫెసర్ల ఎన్‌పీటెల్ పాఠాలూ ఉన్నాయి. చిక్కుపడినప్పుడు మాత్రమే చూడాలి. వీడియోలు వరసగా చూస్తూ పోతే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది, పెన్ను మాత్రం కదలదు.

కోచింగ్ సంగతి. జామ్ పేపరు 100 మార్కులకు, మూడు గంటలు. అందులో 30 మార్కుల ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, సంఖ్య కట్టి టైప్ చేయాలి. ఇంకో 20 మార్కుల ప్రశ్నలకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. ఆప్షన్లు కొట్టేసుకుంటూ జవాబు పట్టే ఎంట్రన్స్ కోచింగ్ కిటుకులు అక్కడ పెద్దగా సాగవు. కాబట్టి ఇప్పుడు డబ్బు కట్టకండి. మూడో ఏడాది మొదట్లో పాత పేపరు ఒకటి గడియారం పెట్టుకుని రాయించండి. తప్పులు ఎక్కడ వస్తున్నాయో చూసి, అప్పుడు టెస్ట్ సిరీస్ చాలా, కోచింగ్ కావాలా అని నిర్ణయించుకుందాం.

ఎంసీఏ మంచి చదువే. కానీ ఏడుపు మీద తీసుకునే నిర్ణయం కాకూడదు. మీది సముద్రం ఒడ్డు ఊరు కదా. కెరటాల ఎత్తు హెచ్చరికలు, చేపలు ఎక్కడ దొరకొచ్చో చెప్పే సూచనలు హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి వస్తాయి. ఆ కెరటాల అంచనాల వెనక ఉన్నవి అవకలన సమీకరణాలే, కాకపోతే సీసా లెక్క కంటే చాలా పెద్దవి, కంప్యూటర్ మీద సాధించేవి. ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసిన పిల్లలకు అలాంటి చోట్ల పని ఉంది. ఈ మాట అమ్మాయికి మీరే చెప్పండి, నేను చెప్తే సలహాలా ఉంటుంది.

సీసా ప్రయోగం ఈ ఆదివారం చేయించండి. వచ్చిన సమయాలు, పక్కనే ఆమె కట్టిన సమీకరణం, తప్పైనా సరే, ఒక కాగితం మీద ఆమె చేత్తోనే రాయించి నాకు పంపండి. అది చూశాక, బోస్‌లో మొదటి అధ్యాయంతో మొదలుపెట్టాలా, నేరుగా నాలుగో దానికి వెళ్లొచ్చా చెప్తాను.