హిమనదమా, హిమానీనదమా?

సందేహం: గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావ్న్ గురించి ఒకే వార్తలో హిమనదం, హిమానీనదం, మంచుకొండ అని మూడు రకాలుగా రాశారు. మూడూ ఒకటేనా? హిమం అనే మాట ఉండగా ఈ ‘హిమానీ’ ఎక్కడిది?

సమాధానం: మొదటి రెండూ ఒకటే, ఇంగ్లీషులో గ్లేసియర్; యాకబ్స్‌హావ్న్ అలాంటిదే. మూడోది వేరు, అది ఐస్‌బర్గ్.

ఇంద్రాణి, భవాని మాటల్లో భార్య అనే అర్థాన్నిచ్చే ‘ఆనీ’ ప్రత్యయం హిమ, అరణ్య శబ్దాలకు చేరితే ‘పెద్దది’ అనే అర్థాన్నిస్తుంది. మహారణ్యం అరణ్యాని, పేరుకుపోయిన మంచురాశి హిమాని. అమరకోశం కూడా ‘హిమానీ హిమసంహతిః’ అంది. హిమనదం తప్పు కాదు గానీ, కిలోమీటర్ల కొద్దీ మేట వేసిన మంచుకు హిమానీనదమే తగిన మాట. విడిగా రాస్తే ‘హిమాని’ అని హ్రస్వం, సమాసంలో దీర్ఘం: నది, నదీతీరం లాగే. కాబట్టి ‘హిమానినదం’, ‘హిమనీనదం’ రెండూ తప్పులే. తూర్పుకు పారేది నది, పడమటికి పారేది నదం అని పాతకాలపు విభజన ఒకటుంది. యాకబ్స్‌హావ్న్ పడమటికే పారుతుంది! పేరు అందుకు పెట్టింది కాదు లెండి, అయినా చక్కగా కుదిరింది.

నదం అనడం ఉత్త అలంకారం కాదు. ఏళ్ల తరబడి కురిసిన మంచు తన బరువుకే అణగి గడ్డకట్టి, పల్లానికి జారుతుంది. 2012 వేసవిలో యాకబ్స్‌హావ్న్ రోజుకు 40 మీటర్లకు పైగా కదిలింది. సముద్రం చేరాక దాని కొస నుంచి విరిగి తేలే ముక్కలే మంచుకొండలు. వాటిలో సుమారు పదింట తొమ్మిది వంతులు నీటిలోనే ఉంటాయి. కొన్నయితే ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ) ముఖద్వారం దగ్గర సముద్రం అడుగున ఉన్న మెరకకు తగిలి ఆగిపోతాయి. పక్కనే ఉన్న ఇలులిస్సాత్ ఊరి పేరుకు అక్కడి భాషలో అర్థం మంచుకొండలనే. 2004లో యునెస్కో ఆ ఫ్యోర్డ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. ‘హిమానీనదం వెనక్కి నడుస్తోంది’ అని రాస్తున్నారు. ఇది నాకు మింగుడుపడదు. మంచు ఎప్పుడూ ముందుకే జారుతుంది. వచ్చే మంచు కంటే కరిగి, విరిగి పోయేది ఎక్కువైనప్పుడు కొస లోపలికి తగ్గుతుంది. ‘హిమానీనదం కొస వెనక్కి తగ్గింది’ అంటే సరిపోతుంది.